ప్రకటనదారుల్లో ఎవరిని ఆపాలి, ఎలా ఆపాలి: చిన్న వెబ్‌సైట్ల యజమానులకు ఒక పద్ధతి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఊరి వార్తలో, ఉద్యోగ నోటిఫికేషన్లో, పరీక్షల ఫలితాలో, ఆరోగ్య సమాచారమో ఇచ్చే చిన్న వెబ్‌సైట్లు ఇప్పుడు చాలానే ఉన్నాయి. వాటిని నడిపేది సాధారణంగా ఒకరిద్దరు మనుషులే. డొమైన్ ఖర్చు, హోస్టింగ్ ఖర్చు, ఒక్కోసారి ఇంటి ఖర్చులో కొంత కూడా ప్రకటనల మీద వచ్చే డబ్బుతోనే గడుస్తుంది. పాఠకుల వ్యక్తిగత వివరాలు చేతులు మారకుండా ఉండాలంటే ఏ ప్రకటనదారులను ఆపాలి, ఎవరిని ఉండనివ్వాలి, ఆ నిర్ణయాన్ని ఎలా అమలు చేయాలి అన్నది అలాంటి యజమానుల కోసం ఇక్కడ వరుసగా రాస్తున్నాను. మన దగ్గర ఎక్కువమంది వాడేది, సైట్లలో ప్రకటనలు పెట్టించి డబ్బు ఇచ్చే సేవ అయిన గూగుల్ యాడ్‌సెన్స్ కనుక ఉదాహరణలు దానినుంచే తీసుకున్నాను. అందులో మెనూల పేర్లు అప్పుడప్పుడు మారుతుంటాయి, కానీ చేయవలసిన పనుల వరుస మారదు.

ముందుగా ఆపవలసింది ఎవరినో తేల్చుకోండి

చాలామంది యజమానులు తెర మీద కనిపించే ప్రకటన చూసి, అందులో పేరున్న కంపెనీని ఆపేసి, పని అయిపోయిందనుకుంటారు. గోప్యత విషయంలో ఆ ఒక్క పనీ సరిపోదు. పాఠకుడు మీ పేజీ తెరవగానే, ఆ పేజీలోని ప్రకటన స్థలం కోసం వెనుక ఒక వేలం నడుస్తుంది. అది సుమారు 100 మిల్లీసెకన్లలో ముగిసిపోతుంది. ఆ కొద్ది సమయంలోనే పేజీ చిరునామా, ఫోను రకం, పాఠకుడు ఉన్న ప్రాంతం ఉజ్జాయింపుగా, ఐపీ చిరునామా లేదా దానిలో కొంత భాగం, బ్రౌజర్‌లోని కుకీ గుర్తింపు సంఖ్య వంటివి వేలంలో పాల్గొనే సంస్థలకు చేరతాయి. పశువుల సంతలో ఎద్దును కొనేది ఒకడే, పళ్లు పట్టి చూసేది పదిమంది. ఇక్కడా అంతే, ప్రకటన వేసేది ఒక్కరే అయినా మీ పాఠకుడి వివరాలు చూసేవారు చాలామంది.

కాబట్టి మీరు తీసుకోవలసిన నిర్ణయాలు రెండు రకాలు. ప్రకటన నొక్కిన తర్వాత పాఠకుడి నుంచి వివరాలు గుంజే ప్రకటనదారులను ఆపడం ఒకటి. ప్రకటన నొక్కకపోయినా, కేవలం పేజీ చూసినంత మాత్రాన వివరాలు అందుకునే మధ్యవర్తి సంస్థలను తగ్గించడం రెండోది. మొదటిది అందరికీ కనిపిస్తుంది కనుక ఫిర్యాదులన్నీ దాని మీదే వస్తాయి. రెండోదాని గురించి ఏ పాఠకుడూ మీకు ఫోన్ చేయడు, ఎందుకంటే అది జరిగినట్టు అతనికి తెలియదు. తెలిసిన మనిషి మీరే కనుక ఆ పని మీరే చేయాలి.

బ్రౌజరే కాపాడుతుందిలే అనుకోవడానికి కూడా వీల్లేదు. సఫారీ 2020 మార్చి నుంచి మూడో పక్షపు కుకీలను, అంటే మీ సైటు కాక బయటి సంస్థలు బ్రౌజర్‌లో పెట్టే గుర్తింపు ఫైళ్లను, పూర్తిగా ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ 2019లోనే తెలిసిన ట్రాకర్లను, అంటే పాఠకుడిని సైటు నుంచి సైటుకు వెంబడించే కోడ్‌లను, ముందస్తుగా అడ్డుకోవడం మొదలుపెట్టింది. క్రోమ్ మాత్రం ఆ కుకీలను తొలగిస్తామని 2020 జనవరిలో ప్రకటించి, 2024 జులైలో ఆ ఆలోచన మానుకుంది. మన జిల్లాల్లో పాఠకుల చేతుల్లో ఉన్నవి ఎక్కువగా ఆండ్రాయిడ్ ఫోన్లు, వాటిలో ఉండేది క్రోమ్.

మీ పేజీని పాఠకుడి వైపు నుంచి చూడండి

కంప్యూటర్‌లో క్రోమ్ తెరిచి, ఇన్‌కాగ్నిటో విండోలోకి వెళ్లి, మీ సైటులో ఎక్కువమంది చదివే పేజీని తెరవండి. ఎఫ్12 మీట నొక్కితే పక్కన ఒక పలక వస్తుంది. అందులో నెట్‌వర్క్ అనే భాగాన్ని ఎంచుకుని పేజీని మళ్లీ లోడ్ చేయండి. మీ పేజీ ఎవరెవరితో మాట్లాడుతోందో వరుసగా కనిపిస్తుంది. మీ డొమైన్ పేరు లేని ప్రతి వరుసా బయటి సంస్థదే. గూగుల్‌సిండికేషన్, డబుల్‌క్లిక్ వంటి పేర్లు యాడ్‌సెన్స్ పెట్టినవారికి తప్పవు. మీరు ఎన్నడూ వినని పేర్లు కనిపిస్తే వాటిని ఒక కాగితం మీద రాసుకోండి. వాటిలో కొన్ని ప్రకటనల వెంట వచ్చినవి అయి ఉంటాయి, కొన్ని మీరెప్పుడో పెట్టి మరిచిపోయిన షేర్ బటన్ల వల్లనో, సందర్శకుల లెక్క చూపే పాత విడ్జెట్ వల్లనో వస్తుంటాయి. ఇంత శ్రమ వద్దనుకుంటే ది మార్కప్ అనే వార్తా సంస్థ 2020లో విడుదల చేసిన బ్లాక్‌లైట్ అనే ఉచిత సాధనంలో మీ సైటు చిరునామా ఇవ్వండి. ట్రాకర్లు, మూడో పక్షపు కుకీలు, పాఠకుడి మౌస్ కదలికలను రికార్డు చేసే కోడ్ వంటివి ఉంటే అది చూపుతుంది.

ఇప్పుడు ఒక పేజీని దగ్గరగా చూద్దాం. ఉద్దానం ప్రాంతంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు, మూత్రపిండాల వ్యాధి ఎంత లోతుగా పాతుకుపోయిందో ఈ జిల్లాల వారికి చెప్పనక్కర్లేదు. క్రియాటినిన్ ఎంత ఉంటే డయాలసిస్ అవసరమవుతుంది, పలాస కిడ్నీ ఆసుపత్రిలో ఓపీ ఏ వేళకు ఉంటుంది అని వివరించే పేజీ మీ సైటులో ఉందనుకోండి. ఆ పేజీ చిరునామాలోనే ఉద్దానం, కిడ్నీ, డయాలసిస్ అనే మాటలు ఉంటాయి. వేలంలోకి ఆ చిరునామా వెళ్లినప్పుడు, ఫలానా ఫోను వాడే మనిషి, ఫలానా ప్రాంతంలో, ఈ జబ్బు గురించి చదువుతున్నాడు అన్న సమాచారం కూడా దానితోపాటే వెళ్తుంది. ఆరోగ్య సమస్యల ఆధారంగా మనిషిని గురి పెట్టి ప్రకటనలు వేయకూడదని గూగుల్ తన ప్రకటనదారులకు నియమం పెట్టిన మాట నిజమే. అయితే చూసినవారందరూ చూసినదాన్ని ఏం చేసుకుంటారో మీరు గాని, ఆ పాఠకుడు గాని తనిఖీ చేయగల స్థితిలో లేరు. ఆధునిక బ్రౌజర్లు బయటి సైట్లకు పూర్తి చిరునామా కాకుండా డొమైన్ పేరు మాత్రమే పంపుతాయని కొందరు ధైర్యం చెబుతారు. అది మామూలు లింకులకు, బొమ్మలకు వర్తిస్తుంది. ప్రకటన కోడ్ మీ పేజీ లోపలే నడుస్తుంది కనుక చిరునామాను అది నేరుగా చదువుకోగలదు.

ఇదే సమయంలో మీ సొంత ఫారాలను కూడా ఒకసారి చూసుకోండి. ఉద్యోగ సమాచారం కోసం మొబైల్ నంబరు అడిగే ఫారం ఉంటే, దాన్ని నింపి పంపాక వచ్చే పేజీ చిరునామాలో ఆ నంబరు కనిపిస్తోందేమో గమనించండి. కనిపిస్తే ఆ పేజీలో ఉన్న ప్రతి ప్రకటన కోడ్‌కూ ఆ నంబరు అందుతున్నట్టే. పాఠకుల పేరు, ఫోను, ఈమెయిల్ వంటివి తమకు పంపరాదని యాడ్‌సెన్స్ నియమావళి కూడా స్పష్టంగా చెబుతుంది. ఫారం పంపే పద్ధతిని గెట్ నుంచి, అంటే వివరాలు చిరునామాలో కనిపించే పద్ధతి నుంచి, అవి కనిపించని పోస్ట్‌కు మార్పించడం డెవలపర్‌కు పెద్ద పని కాదు.

పేజీలను మూడు గుంపులుగా విడదీయండి

ఎవరిని ఆపాలన్న ప్రశ్నకు సైటు మొత్తానికి ఒకే జవాబు ఉండదు. బొబ్బిలి వీణల గురించిన వ్యాసం పక్కన ఏ ప్రకటన వచ్చినా పెద్ద ప్రమాదం లేదు. ప్రకటనలే ఉండకూడని పేజీలు కొన్ని ఉంటాయి, అవి మొదటి గుంపు. జబ్బులు, గర్భం, మానసిక ఆరోగ్యం, అప్పుల బాధ, గృహహింస గురించిన పేజీలను నేను ఈ గుంపులో పెడతాను. ఈ పేజీలు మొత్తం ఆదాయంలో తెచ్చేది సాధారణంగా తక్కువే, పాఠకుడికి కలిగే నష్టం మాత్రం ఎక్కువ. ఆటో యాడ్స్, అంటే ప్రకటనల చోటును గూగులే ఎంచుకునే ఏర్పాటు, వాడేవారు యాడ్‌సెన్స్‌లో మినహాయించవలసిన పేజీలు అన్నచోట ఈ చిరునామాలు చేర్చవచ్చు. అయితే ఆ మినహాయింపు ప్రకటన కనిపించకుండా చేస్తుంది గాని, థీమ్ హెడర్‌లో పెట్టిన కోడ్ ఆ పేజీలోనూ లోడ్ అవుతూనే ఉంటుంది. ఆ కోడ్ కూడా రాకుండా ఉండాలంటే ఆ పేజీలకు కోడ్ చేర్చవద్దని ప్లగిన్‌లోనో, థీమ్‌లోనో షరతు పెట్టాలి. మార్పు చేశాక మళ్లీ ఎఫ్12 నొక్కి, ఆ వరుసలు నిజంగా పోయాయో లేదో చూసుకోండి.

రెండో గుంపు పిల్లలు ఎక్కువగా చదివే పేజీలు: పదో తరగతి, ఇంటర్ ఫలితాలు, పాలిటెక్నిక్ ప్రవేశాలు, నమూనా ప్రశ్నపత్రాలు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లు నిండని ప్రతి ఒక్కరినీ బాలలుగానే లెక్కిస్తుంది. వారి ప్రవర్తనను గమనించడాన్ని, వారిని గురి పెట్టి ప్రకటనలు వేయడాన్ని నిషేధిస్తుంది. బాలల విషయంలో బాధ్యతలు తప్పితే జరిమానా 200 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు. ఇంటర్ మొదటి సంవత్సరం విద్యార్థికి 16, 17 ఏళ్లు ఉంటాయి గదా. కనుక ఈ పేజీల్లో ప్రకటన కోడ్‌కు పిల్లల కోసం ఉద్దేశించిన పేజీ అన్న గుర్తును చేర్చండి. అది చేర్చడానికి యాడ్‌సెన్స్‌లో ఏర్పాటు ఉంది.

మిగిలినవన్నీ మూడో గుంపు. వాటికి ఇక కింద చెప్పే నిర్ణయాలు వర్తిస్తాయి.

ప్రకటనదారును తూచడం ఎలా

ఇక్కడ ఒక హెచ్చరిక. పరిశీలన కోసమైనా సరే మీ సైటులోని ప్రకటనలను మీరు నొక్కకండి. మీ ఇంట్లోవారి చేత, స్నేహితుల చేత నొక్కించకండి. యాడ్‌సెన్స్ దాన్ని చెల్లని క్లిక్‌గా లెక్కిస్తుంది, ఖాతాయే పోవచ్చు. ఖాతాలోని బ్రాండ్ సేఫ్టీ విభాగంలో యాడ్ రివ్యూ సెంటర్ ఉంటుంది. మీ సైటులో కనిపించిన ప్రకటనలు అక్కడ బొమ్మలతో సహా ఉంటాయి. ప్రకటన వెళ్లే చిరునామాను అక్కడినుంచి రాసుకుని, వేరే విండోలో నేరుగా టైపు చేసి చూడండి. ప్రకటనదారు ఎవరో తెలియకపోతే గూగుల్ 2023లో తెరిచిన యాడ్స్ ట్రాన్స్‌పరెన్సీ సెంటర్‌లో ఆ పేరుతోనో, డొమైన్‌తోనో వెతకండి. ధ్రువీకరించిన పేరు, ఏ దేశం, ఇంకా ఎలాంటి ప్రకటనలు వేస్తున్నారు అన్నవి అందులో దొరుకుతాయి. సరుకు ఒకటి, ప్రకటన ఇచ్చిన పేరు మరొకటి అయినప్పుడు జాగ్రత్త పడండి.

ఆ పేజీకి వెళ్లాక చూడవలసింది సరుకు మంచిదా చెడ్డదా అని కాదు, పాఠకుడిని ఏం అడుగుతున్నారు, ఎందుకు అడుగుతున్నారు అని. మన జిల్లాల్లో తరచుగా కనిపించే మూడు రకాలను తీసుకుందాం.

మొదటిది తక్షణ రుణాల యాప్‌లు. రుణం తీసుకున్న మనిషి ఫోనులోని నంబర్లన్నీ లాక్కుని, చుట్టాలకు, తోటి ఉద్యోగులకు ఫోన్లు చేసి పరువు తీసే యాప్‌ల గురించి వినని ఊరు లేదు. 2022 సెప్టెంబరు నుంచి రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం రుణ యాప్‌లు ఫోనులోని కాంటాక్టులు, కాల్ రికార్డులు, ఫైళ్ల జోలికి పోరాదు. 2023 మే 31 నుంచి గూగుల్ ప్లే కూడా వ్యక్తిగత రుణ యాప్‌లు కాంటాక్టులు, ఫొటోలు అడగడాన్ని నిషేధించింది. నియంత్రణలో ఉన్న సంస్థల తరఫున నడిచే రుణ యాప్‌ల జాబితాను రిజర్వు బ్యాంకు 2025 జులై నుంచి తన వెబ్‌సైటులో అందుబాటులో ఉంచింది. పరీక్ష చాలా సులువు. ఆ ప్రకటన వెనుక ఏ బ్యాంకు, ఏ ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఆర్థిక సంస్థ) ఉందో పేజీలో రాసి ఉండాలి, ఆ యాప్ పేరు జాబితాలో ఉండాలి, యాప్‌ను ప్లే స్టోర్ నుంచి కాకుండా నేరుగా ఫైలుగా దింపుకోమని చెప్పకూడదు. ఈ మూడింటిలో ఒక్కటి తప్పినా ఆపేయండి. నా అభిప్రాయమైతే, చిన్న జిల్లా సైటుకు ఒక్కొక్క యాప్‌ను తూచే తీరిక ఉండదు. వినియోగదారుల రుణాలు అనే సున్నితమైన విభాగాన్ని మొత్తంగా ఆపడమే మేలు.

రెండోది విదేశాల్లో ఉద్యోగాలు. ఉద్దానం నుంచి, టెక్కలి, ఇచ్ఛాపురం వైపు నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లే యువకులు ఎక్కువ. వారు వెతికేవి ఈ ప్రకటనలనే. వెల్డర్లు కావలెను, ఫిట్టర్లు కావలెను అని పెట్టి, మొదటి ఫారంలోనే పాస్‌పోర్టు మొదటి పేజీ ఫొటో, ఆధార్, బ్యాంకు ఖాతా అడుగుతుంటారు. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటుకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉండి తీరాలి. విదేశాంగ శాఖ నడిపే ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఆ జాబితా ఉంటుంది. పేరు అందులో లేకపోతే రెండో ఆలోచన అక్కర్లేదు. పేరు ఉన్నా, ఇంటర్వ్యూ కూడా జరగకముందే ఒక వెబ్ ఫారంలో పాస్‌పోర్టు కాపీ అడిగేవారిని నేనైతే ఉంచను.

మూడోది కళాశాలల, కోచింగ్ కేంద్రాల ప్రవేశ ప్రకటనలు. ఇవి మోసం కావు. చాలావరకు నిజమైన సంస్థలే. అయితే వీటిలో కొన్ని నేరుగా సంస్థ పేజీకి వెళ్లవు, మధ్యలో నంబర్లు సేకరించే మరో సైటుకు వెళ్తాయి. అక్కడ విద్యార్థి పేరు, తండ్రి ఫోను నంబరు, హాల్‌టికెట్ నంబరు ఇస్తే అవి పదిమంది చేతుల్లోకి వెళ్తాయి, ఇక నెలల తరబడి ఫోన్లు ఆగవు. ఫారం అడుగున సన్నని అక్షరాల్లో మా భాగస్వాములు మిమ్మల్ని సంప్రదించడానికి అంగీకరిస్తున్నాను అన్న వాక్యం, దాని పక్కన ముందే టిక్ పెట్టి ఉన్న గడి కనిపిస్తే, అది నంబర్లు అమ్ముకునే పేజీ అని అర్థం. అలాంటి సేకరణ సైట్ల డొమైన్‌ను ఆపండి, కళాశాల సొంత డొమైన్‌ను ఉండనివ్వండి.

మిగిలిన రకాలకు ఇంత వివరం అవసరం లేదు. ఫోను శుభ్రం చేస్తాం, బ్యాటరీ పెంచుతాం అనే యాప్‌లను డౌన్‌లోడ్ చేసుకునే యుటిలిటీలు అన్న విభాగంతోనూ, సులువుగా డబ్బు సంపాదన ప్రకటనలను ఆ పేరుతోనే ఉన్న విభాగంతోనూ ఒక్కసారే ఆపవచ్చు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల ప్రకటనలను 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టమే నిషేధించింది కనుక అందులో తర్జనభర్జన లేదు.

ఆపే పని

యాడ్ రివ్యూ సెంటర్‌లో ప్రకటన మీద నొక్కితే ఆ ఒక్క ప్రకటనను ఆపడానికీ, ప్రకటనదారు ఖాతానే ఆపడానికీ వేర్వేరు ఏర్పాట్లు ఉంటాయి. సాధ్యమైనప్పుడల్లా ఖాతాను ఆపండి. ఎందుకంటే ఇలాంటివారు ఈ వారం ఒక డొమైన్, వచ్చే వారం మరో డొమైన్ పెట్టి తిరిగి వస్తుంటారు. బ్లాకింగ్ కంట్రోల్స్‌లో ప్రకటనదారు చిరునామాలు అన్నచోట డొమైన్‌ను చేర్చేటప్పుడు ప్రకటనలో కనిపించే పేరును కాక, నొక్కితే చివరికి చేరే డొమైన్‌ను చేర్చండి. డొమైన్‌ను ఆపితే దాని కింది సబ్‌డొమైన్లన్నీ ఆగుతాయి, సబ్‌డొమైన్‌ను ఆపితే అదొక్కటే ఆగుతుంది. మార్పు అమలు కావడానికి ఒక రోజు వరకు పట్టవచ్చు, వెంటనే కనిపించలేదని మళ్లీ మళ్లీ మార్చకండి.

ఇంతవరకు చేసినది మొదటి రకం పని. ప్రకటనదారు చిరునామాను ఆపినంత మాత్రాన వేలం ఆగదు, పాఠకుడి వివరాలు వేలంలోకి వెళ్లడమూ ఆగదు. రెండో రకం పనికి మూడు చోట్ల చేయి పెట్టాలి. బ్లాకింగ్ కంట్రోల్స్‌లోనే వేలంలో పాల్గొనే బయటి కొనుగోలు సంస్థల జాబితా ఉంటుంది. దాన్ని తెరిస్తే ఇన్ని సంస్థలా అని ఆశ్చర్యపోతారు. ఎప్పుడూ కొనని, లేదా నామమాత్రంగా కొనే సంస్థలకు మీ పాఠకుల వివరాలు అందవలసిన అవసరం ఏమీ లేదు. వాటిని ఆపండి. కొత్తగా చేరే సంస్థలను తమంతట తాముగా అనుమతించే ఏర్పాటు కనిపిస్తే దాన్ని కూడా తీసేయండి.

తర్వాత పాఠకుడి ఆసక్తులను బట్టి వేసే ప్రకటనల సంగతి. యాడ్ సర్వింగ్ అనే భాగంలో వీటిని మాన్పించే మీట ఉంటుంది. కొన్ని పేజీలకు మాత్రమే మాన్పించాలనుకుంటే కోడ్‌లో రిక్వెస్ట్ నాన్ పర్సనలైజ్డ్ యాడ్స్ అన్న విలువను 1 చేయమని డెవలపర్‌కు చెప్పండి. అప్పుడు ప్రకటనలు పేజీలోని విషయాన్ని బట్టి, ఉజ్జాయింపు ప్రాంతాన్ని బట్టి వస్తాయి. వరి తెగుళ్ల గురించి రాసిన పేజీలో పురుగుమందుల ప్రకటన వస్తే ఎవరికీ నష్టం లేదు. అయితే ఈ పద్ధతిలో కుకీలు పూర్తిగా పోవు. ఒకే ప్రకటనను ఒకరికి పదేపదే చూపకుండా ఉండడానికి, దొంగ క్లిక్‌లను పట్టుకోవడానికి అవి మిగులుతాయి. మా సైటులో కుకీలే లేవు అని పాఠకులకు చెప్పకండి.

మూడోది యాడ్స్ డాట్ టెక్స్ట్ అనే ఫైలు. మీ సైటులోని ప్రకటన స్థలాన్ని అమ్మే హక్కు ఎవరికి ఉందో చెప్పడానికి ఆన్‌లైన్ ప్రకటనలకు సాంకేతిక ప్రమాణాలు తయారుచేసే ఐఏబీ టెక్ ల్యాబ్ 2017లో దీన్ని తెచ్చింది. ఒక్కో వరుసలో సంస్థ డొమైన్, మీ ఖాతా సంఖ్య, ఆ తర్వాత డైరెక్ట్ లేదా రీసెల్లర్ అన్న మాట ఉంటాయి. యాడ్‌సెన్స్ ఒక్కటే వాడేవారికి సాధారణంగా ఒక్క వరుస చాలు. అప్పుడెప్పుడో ఒక ప్రకటన నెట్‌వర్క్ పంపిన పెద్ద జాబితాను ఎవరో అతికించి వదిలేసిన ఫైళ్లు ఎన్నో ఉన్నాయి. మీతో ఇప్పుడు లావాదేవీ లేని నెట్‌వర్క్ వరుసలన్నీ తీసేయండి. తీసే ముందు పాత ఫైలును ఒక కాపీ దాచుకోండి.

ప్రకటనదారులను ఆపే ఏర్పాటే లేని నెట్‌వర్క్‌లు కొన్ని ఉన్నాయి. పేజీ వెనుక మరో విండో తెరవడం, నోటిఫికేషన్లకు అనుమతి అడగడం వాటి పద్ధతి. అలాంటి చోట ఒక్కొక్కరినీ తూచే ప్రశ్నే లేదు, మొత్తం నెట్‌వర్క్‌ను తీసేయాలి.

ఆదాయం మీద ప్రభావాన్ని లెక్క కట్టండి

ఆపిన ప్రతిసారీ వేలంలో పాడేవారు తగ్గుతారు కనుక ఆదాయం కొంత తగ్గవచ్చు. ఆ మాట దాచవలసిన పని లేదు. అయితే ఎంత తగ్గిందో కొలిచే చేయాలి. ఒక వారంలో ఒకే మార్పు చేయండి, మొత్తం ఆదాయాన్ని కాకుండా పేజీ ఆర్‌పీఎంను, అంటే వెయ్యి పేజీ వీక్షణలకు వచ్చే డబ్బును, ముందువారంతో పోల్చండి. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం వారంలోనో, అరసవల్లిలో రథసప్తమి రోజుల్లోనో, ఫలితాలు విడుదలైన రోజునో వచ్చే అంకెలను లెక్కలోకి తీసుకోకండి, ఆ రోజుల్లో పాఠకులూ వేరు, ప్రకటనలూ వేరు. కొనుగోలు సంస్థల్లో నామమాత్రంగా కొనేవారిని ఆపినప్పుడు తేడా పెద్దగా కనిపించకపోవచ్చు. ఆసక్తుల ఆధారిత ప్రకటనలను సైటు మొత్తానికి మాన్పించినప్పుడు తేడా ఎక్కువగా ఉంటుంది. భరించలేనంతగా ఉంటే దాన్ని రెండో గుంపు పేజీలకు పరిమితం చేయండి. మొదటి రెండు గుంపుల విషయంలో మాత్రం ఆదాయం కోసం వెనక్కి తగ్గవద్దని నా గట్టి మాట.

ఊళ్లో ప్రకటనలు తీసుకునేటప్పుడు

తగ్గిన ఆదాయాన్ని పూడ్చుకునే దారి కూడా మన ఊళ్లోనే ఉంది. విజయనగరంలో బట్టల దుకాణమో, పలాసలో జీడిపప్పు వ్యాపారో, రాజాంలో విత్తనాల షాపో ఇచ్చే ప్రకటనను ఒక బొమ్మగా మీ సర్వర్‌లోనే పెట్టి, దానికి లింకు ఇస్తే పాఠకుడి వివరాలు నొక్కే వరకు ఎవరికీ చేరవు. లింకుకు స్పాన్సర్డ్ అన్న గుర్తు తగిలించడం మరవకండి.

ఈ మధ్య ఊళ్లో ప్రకటనదారులు కూడా ఒక చిన్న కోడ్ ముక్క పంపుతున్నారు. సోషల్ మీడియాలో ప్రకటనలు చూసుకునే ఏజెన్సీవారు వారికి ఇచ్చిన పిక్సెల్ అది. సంభాషణ సాధారణంగా ఇలా నడుస్తుంది: “మాస్టారూ, బ్యానర్‌తో పాటు ఈ కోడ్ కూడా పెట్టించీండి, మావాళ్లు చూసుకుంటారు.” ఆ కోడ్ పెడితే ప్రకటన నొక్కినవారి వివరాలే కాదు, మీ పేజీ తెరిచిన ప్రతి ఒక్కరి సంగతీ ఒక పెద్ద సోషల్ మీడియా సంస్థకు వెళ్తుందని ఆ దుకాణదారుకు కూడా తెలియదు. కోపగించుకోకుండా చెప్పండి: “బాబూ, మీ బొమ్మ పెడతాను, లింకు పెడతాను. కోడ్ మాత్రం పెట్టను. ఎంతమంది నొక్కారో నెలాఖరుకు నేనే లెక్క ఇస్తాను.” ఆ లెక్క మీ సర్వర్‌లోనే వస్తుంది. ప్రకటన ఇచ్చేవారికి కావలసింది అసలు ఆ అంకే కనుక చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోనివారి ప్రకటన వదులుకోండి.

పాఠకులకు తెలుగులో చెప్పండి, మీరు రాసి పెట్టుకోండి

డేటా పరిరక్షణ చట్టం కింద నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధానమైన బాధ్యతలు ఆ తర్వాత 18 నెలలకు అమలులోకి వస్తాయి. వివరాలు తీసుకునేవారు ఇచ్చే నోటీసును ఇంగ్లిషులో గాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గాని చదువుకునే వీలు ఆ మనిషికి ఉండాలని చట్టం అంటుంది, తెలుగు అందులో ఉంది. కనుక ఎక్కడినుంచో తెచ్చి అతికించిన ఇంగ్లిషు ప్రైవసీ పాలసీతో సరిపెట్టకుండా, మీ సైటులో ఎవరి ప్రకటన కోడ్ ఉంది, అది ఏం తీసుకుంటుంది, ఏ పేజీల్లో ప్రకటనలు ఉండవు, అనుమానం వస్తే ఎవరికి రాయాలి అన్నవి ఒక పేజీలో తెలుగులో రాసి పెట్టండి. ప్రకటన మీద ఫిర్యాదు చేసేవారిని స్క్రీన్‌షాట్, తేదీ, ఏ పేజీలో కనిపించింది అన్నవి పంపమనండి. ఒకే పేజీలో ఒక్కొక్కరికి ఒక్కో ప్రకటన కనిపిస్తుంది కనుక స్క్రీన్‌షాట్ లేనిదే ఆ ప్రకటన మీకు దొరకదు.

చివరగా ఒక పట్టిక. ఎక్సెల్‌లోనైనా సరే, పాత లెక్కల పుస్తకంలోనైనా సరే: తేదీ, ఆపిన డొమైన్ లేదా ఖాతా, ఏ పేజీలో కనిపించింది, ఎందుకు ఆపారు, ఆ వారం ఆర్‌పీఎం. కారణం రాసేటప్పుడు మంచిది కాదు అని పొడిగా రాయకుండా, పాస్‌పోర్టు కాపీ అడిగారు, రుణదాత పేరు లేదు అని ఉన్నది ఉన్నట్టు రాయండి. ఆపిన ప్రకటనదారు తర్వాత తన ఫారం సరిచేసుకుని ఉండవచ్చు, అప్పుడు ఏం చూసి అనుమతించాలో మీకు ఆ వరుసే చెబుతుంది. నెలకొకసారి యాడ్ రివ్యూ సెంటర్ తెరిచి కొత్తవారిని చూడండి, మూడు నెలలకొకసారి ఎఫ్12 నొక్కి పేజీని మళ్లీ పరిశీలించండి. థీమ్ మార్చినా, కొత్త ప్లగిన్ పెట్టినా ఆ గడువు కోసం ఆగకుండా అదే రోజు చూడండి, మినహాయించిన పేజీల్లోకి ప్రకటన కోడ్ తిరిగి వచ్చేది ఎక్కువగా అలాంటి మార్పుల తర్వాతే.